లామినేషన్ చేసిన ఇరవై పళ్లు

రేణును, ఆమె మామ పెద్దప్పను, చెంప వాచిన నాలుగేళ్ల భూమికను పోయిన వారం స్కూలు గేటు బయట ఎండలో నిలబెట్టి వచ్చేశాం. వాచ్‌మన్ ఇంకా లోపలికి వదల్లేదు. ఈలోగా జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం.

ఏప్రిల్ పన్నెండున, స్కూలువాళ్లు చెప్పిన క్లినిక్కులోనే, భూమికకు దంత పరీక్ష అయింది. "ఇరవై పళ్లు, పుచ్చు లేదు, బడికి యోగ్యురాలు" అని సర్టిఫికెట్ వచ్చింది. దాంతో ఎల్‌కేజీలో సీటూ వచ్చింది. రేణు ఆ కాగితాన్ని మూకండపల్లిలో జెరాక్స్ అంగడికి తీసుకెళ్లి లామినేషన్ చేయించి, దేవుడి పటం పక్కన మేకుకు తగిలించింది. మే నెలలో బిడ్డ అన్నం ముందు కూర్చుని పన్ను నొప్పి అని ఏడిస్తే, ఆ కాగితాన్నే చూపించి కసిరింది. జూన్‌లో యూనిఫాం కొలతలకు తీసుకెళ్తే ఆయా వాచిన చెంప చూసి లోపల చెప్పింది. మూడో రోజే ఉత్తరం. సీటు నిలిపేశాం, సోమవారం పదింటికి ఒరిజినల్ సర్టిఫికెట్‌తో వచ్చి కరస్పాండెంటు గారిని కలవండి అని.

శనివారం రేణు షిఫ్టులో ఉండగా గురుబరపల్లి నుంచి పెద్దప్ప వచ్చాడు. యాభై ఏళ్లుగా గొర్రెల నోళ్లు తెరిచి చూసినవాడు, మనవరాలి నోరు తెరిచి చూసి మాట్లాడకుండా బిడ్డను చంకనేసుకుని మత్తూరు బస్సెక్కాడు. అక్కడ ఒక పళ్ల డాక్టరమ్మ మంచిదని సంతలో విన్నాడట. ఆమె చిగురు మీది చీము తీసి, మందులిచ్చి, "సోమవారం నేనూ ఆ స్కూలుకు వస్తా" అందట. రేణు ఆ మాట నమ్మలేదు. పిలిస్తేనే రాని డాక్టర్లు పిలవకుండా వస్తారా?

అరగంట తరువాత వాచ్‌మన్ గేటు తలుపు ఒక్కటి, అదీ సగమే తెరిచాడు.

ఆ స్కూలు పేరు నేను రాయను. పేరులో ఇంటర్నేషనల్ అనే మాట ఉంది. ఏ దేశానికీ ఏ దేశానికీ మధ్య అని అడక్కండి. దానికి తూర్పున టమోటా తోట, పడమర బోల్టుల కంపెనీ. గేటు మీద పెద్ద ఫ్లెక్సు. "పుచ్చుపన్ను లేని ప్రాంగణం! నూట నలభై ఇద్దరు పిల్లలు, నూట నలభై రెండు ముత్యాల నవ్వులు!" అని తమిళంలోనూ ఇంగ్లీషులోనూ. దాని కింద నవ్వుతున్న బిడ్డ హోసూరు బిడ్డ కాదు, కృష్ణగిరి బిడ్డ కూడా కాదు. ఇంటర్నెట్టులో దొరికిన బిడ్డ.

బిడ్డ బడికి పోకముందు ఒక డాక్టరు నోట్లోకి చూడటం మంచి పనే. పుచ్చు ఆవగింజంత ఉన్నప్పుడే కనిపెడితే బిడ్డకు నొప్పి తప్పుతుంది, తల్లికి ఏడుపు తప్పుతుంది. బుద్ధి ఉన్నవాళ్లెవరో అందుకే ఈ ఆలోచన చేసి ఉంటారు. అది మన స్కూలు యజమాని, కరస్పాండెంటు శ్రీనివాసప్ప చేతికి వచ్చేసరికి, పుచ్చు ఉన్న బిడ్డను బయటికి నెట్టడానికి పనికొచ్చింది. వైద్యం చేయించాలని ఆయనకు తోచలేదు, ఫ్లెక్సు కట్టించాలని తోచింది.

శ్రీనివాసప్ప వాళ్లది తాతల నాటి బెల్లం మండీ. మూడు తరాలుగా ఊరి పిల్లల నోళ్లు తీపి చేసిన కుటుంబం ఇప్పుడు పళ్ల మీద ప్రసంగాలు ఇస్తోంది. ఆయన బల్ల మీద గాజు సీసా నిండా చాక్లెట్లు కూడా ఉన్నాయి, వచ్చిపోయే పెద్దమనుషుల పిల్లల కోసం. బల్లకు ఒక పక్కగా అల్లుడు ధనశేఖర్ తెల్లకోటు వేసుకుని కూర్చున్నాడు. దంత పరీక్షలు జరిగిన క్లినిక్కు అతనిదే. ఊళ్లో అందరూ డాక్టర్ ధనశేఖర్ అని పిలుస్తారు. అతను పలుకుతాడు.

నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు.

"చూడమ్మా," అన్నాడు శ్రీనివాసప్ప, ఫోనులో నుంచి తల ఎత్తకుండానే. "మేము రూలు పెట్టింది బిడ్డల మంచికే కదా. ఏప్రిల్లో మీ పాప పళ్లు ఫస్ట్ క్లాసుగా ఉండినాయి. డాక్టరు చూసి రాసిచ్చినాడు. ఈ రెండు నెలల్లో మీరేం తినిపించినారో మీకే తెలియాల. ఇప్పుడు చెంప వాపించుకొని వస్తే మేమేం చేసేది?"

"మందులు ఏస్తా ఉండాము సార్. వాపు తగ్గతా ఉండాది. పన్నుకు వైద్యం చేస్తానని మత్తూరు డాక్టరమ్మ చెప్పిందంట," అంది రేణు.

"చేయించుకోండమ్మా, వద్దనేది ఎవరు? అంతా బాగయినంక కొత్త సర్టిఫికెట్ తెచ్చుకొని వచ్చే సంవత్సరం రండి. గేటు మింద బోర్డు చూసినారు కదా. ఒక్క బిడ్డ కోసం బోర్డు మార్చేదానికి అవుతుందా?"

నాలుగేళ్ల పసిదాని చదువుకూ, మేకులు కొట్టిన ఒక గుడ్డకూ మధ్య తేల్చుకోవాల్సి వస్తే ఆ పెద్దమనిషి గుడ్డ వైపు నిలబడ్డాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఫోను పక్కన పెట్టాల్సిన అవసరం కూడా కనిపించలేదు.

ఇక ధనశేఖర్ వంతు. "ఇంట్లో చూసుకొనేది ఎవరు? అత్తనా? అదీ సంగతి. బన్ను, చక్కెర పాలు, టీలో బిస్కెట్టు. బ్రష్ చేయించరు. కంపెనీకి పోతాము, టైం లేదు అంటారు. నెల దినాల్లో పన్ను పుచ్చిపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా మీ మూకండపల్లి సైడువాళ్లకు అర్థం కాదు."

రేణు తల వంచుకుంది. చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది మరి. అత్త సుబ్బక్క బిడ్డ ఏడుపు మానిపించడానికి చక్కెర పాలలో బన్ను ముంచి పెట్టేది. ఆ సంగతి తెలిసి కూడా రేణు ఊరుకుంది. షిఫ్టు బస్సుకు పరిగెత్తే మనిషి అత్తతో బన్ను గురించి తగువు పెట్టుకోలేదు. ఆమె తల వంచుకోవడం చూసి మామా అల్లుళ్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇలాంటి తల్లుల తల వంచడం వాళ్లకు అలవాటైన పని, చాలా తేలికైన పని.

పెద్దప్ప మాత్రం వాళ్లను చూడటం లేదు. కిటికీలోంచి గేటు వైపు చూస్తున్నాడు. భుజం మీది తువ్వాలు సర్దుకుని, తల తిప్పకుండానే అడిగాడు.

"ఏమప్పా డాక్టరూ, కాగితంలో ఎన్ని పళ్లని రాసినావు?"

"ఇరవై," అన్నాడు ధనశేఖర్. "పాలపళ్లు ఇరవై ఉంటాయి తాతా. పైన పది, కింద పది."

"ఉంటాయి సరే. నువ్వు లెక్కబెట్టినావా?"

"లెక్కబెట్టకుండా రాస్తామా?"

"ఏ పొద్దు?"

"డేటు ఉంది కదా. ఏప్రిల్ పన్నెండు."

అప్పుడు తిరిగాడు పెద్దప్ప. "భూమీ, నోరు తెరువు తల్లీ."

భూమిక తెరిచింది. ఆ నోట్లో వేలు పెట్టలేదు పెద్దప్ప. దూరం నుంచే చూపించాడు.

"పైన ముందర, ఎడమ పక్క. సందు కనిపిస్తా ఉండాదా అప్పా? ఉగాది పొద్దు నీళ్ల డ్రమ్ము మింద నుంచి కింద పడింది. పన్ను ఊడి నా చేతికొచ్చింది. పేడలో చుట్టి కప్పు మింద ఏయాల కదా. మూకండపల్లిలో ఆవుపేడ యాడ దొరుకుతుంది? ఊరికి పోయి నా మందలో గొర్రె పెంటికలు తువ్వాల్లో కట్టుకొని వచ్చి, నీళ్లలో నానబెట్టి, దాంట్లో చుట్టి రేకుల మింద ఏసినాను. వీధంతా చూసి నవ్వినారు. పదిమందిని పిలుచుకొని రమ్మంటే పిలుచుకొని వస్తాను. ఉగాది పోయినంక కదా నీ ఏప్రిల్ పన్నెండు?"

ధనశేఖర్ కోటు గుండీలు సర్దుకున్నాడు.

"పందొమ్మిది ఉన్న నోట్లో ఇరవై ఎట్ల లెక్కబెట్టినావు? గొర్రెకు ముందర పైపళ్లే ఉండవు. దాన్ని తోలుకొని వచ్చినా నువ్వు ఇరవై రాసి సీలు ఏసి పంపిస్తావు."

రేణు తల ఎత్తింది. పన్ను ఊడిన సంగతి ఆమెకు తెలియక కాదు. అందమైన సీలు ఉన్న కాగితం మీద ఇరవై అని ఉంటే, డాక్టర్ల లెక్క వేరేగా ఉంటుందేమో అనుకుంది. చదువుకున్నవాళ్లు తప్పు రాస్తారని అనుకోవడం కంటే తనకు లెక్క రాదనుకోవడం ఆమెకు తేలికైంది.

"అది క్లరికల్ మిస్టేక్," అన్నాడు ధనశేఖర్ చివరికి. "టైపు చేసే అమ్మాయి తప్పు. ఒరిజినల్ ఇయ్యమ్మా, ఇప్పుడే సరిచేసి సంతకం పెట్టిస్తా."

రేణు సంచిలోంచి తీసి ఇచ్చింది. అతను జేబులోంచి పెన్ను తీసి, ఇరవై మీద గీత గీయబోయి ఆగిపోయాడు. అప్పటికి గానీ ప్లాస్టిక్ సంగతి గమనించలేదు. అయినా గీశాడు. సిరా జారిపోయింది. తెల్లకోటు చేతితో తుడిచి మళ్లీ గీశాడు. మళ్లీ జారింది. ఇరవై చెక్కు చెదరకుండా ఉంది, కోటు చేతికి మాత్రం అరచెయ్యంత నీలి మరక అయింది. భూమిక చెంప పట్టుకునే కిసుక్కున నవ్వింది.

"ఏమ్మా," అని గద్దించాడు శ్రీనివాసప్ప, "డాక్టరు సర్టిఫికెట్‌కు ఎవరన్నా లామినేషన్ చేయిస్తారా?"

"మంచి కాగితం కదా సార్. మా ఇల్లు కారుతుంది. తడిసిపోతుందని చేయించినాను."

శ్రీనివాసప్ప లేచాడు. అల్లుడి చేతిలోంచి లాక్కున్నాడు. "ఇది చెల్లదు. కొత్తది రాయిస్తాం," అంటూ రెండు చేతులా పట్టి చించబోయాడు. అది వంగింది గానీ చినగలేదు. ఇటు తిప్పి లాగాడు, అటు తిప్పి లాగాడు. మొహం కందిపోయింది. బల్ల అంచుకు ఆనించి నొక్కాడు, తీయగానే మళ్లీ తిన్నగా అయింది. ఆఖరికి అంచు పంటితో కొరుకుదామని నోటిదాకా తీసుకెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. ఆయన పైవరస మొత్తం కట్టుడు పళ్లని హోసూరులో తెలియనివాళ్లు లేరు. పుచ్చుపన్ను లేని ప్రాంగణానికి ఆయన్ను మించిన గుర్తు ఇంకెక్కడ దొరుకుతుంది? పుచ్చడానికి ఆయనకు పళ్లే లేవు.

రేణు రెండడుగులు ముందుకు వేసి, ఆయన చేతుల్లోంచి కాగితం లాగేసుకుంది. ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కున్న మనిషి కాదు రేణు. తన చెయ్యి అలా వెళ్లిందని తెలిసి ఆమే బిత్తరపోయింది.

"సార్, నేను ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర పని చేస్తా ఉండాను," అంది. "ప్లాస్టిక్ క్లిప్పులు సార్. గోరంత ఉంటాయి. ఒక్కొక్కటి వెలుగులో పట్టి చూసి, బాగుంటేనే ఓకే సీలు ఏయాల. చూడకుండా సీలు ఏస్తే మెమో ఇస్తారు. రెండుసార్లు ఏస్తే ఇంటికి పొమ్మంటారు. అది క్లిప్పు సార్. ఇది నా బిడ్డ నోరు."

ఏప్రిల్ పన్నెండు ఆమెకు ఇప్పుడు స్పష్టంగా కళ్లకు కట్టింది. క్లినిక్కు ముందు వరస. బల్ల దగ్గర ఒక అమ్మాయి. బిడ్డ పేరు, తండ్రి పేరు అడిగింది, వేలు అని చెప్పింది రేణు. రాసుకుంది. లోపల తెల్లకోటు వేసుకున్న ఈ మనిషి కూర్చుని సీలు మీద సీలు కొడుతున్నాడు. నోరు తెరువు అని ఎవరూ అనలేదు. వెనక నిలబడిన ఇంకో తల్లి చంకలోని పాప ఒక్క పక్కనే బన్ను నములుతూ ఉంది. ఆ తల్లికీ ఐదు నిమిషాల్లో కాగితం వచ్చేసింది. ఇంత తొందరగా అయిపోయిందని ఇద్దరూ సంతోషపడి ఒకే బస్సెక్కారు.

ఆ కాగితాన్ని నమ్మి తను నెల రోజులు బిడ్డను నమ్మలేదు. "ఇరవయ్యీ బాగుండాయని రాసుండాది, బడికి పోవాల్సొస్తుందని నాటకాలా?" అని వీపు మీద ఒకటి వేసింది కూడా. అది గుర్తొచ్చి రేణుకు అక్కడికక్కడ చచ్చిపోవాలనిపించింది. తరువాత ఎదురుగా ఉన్న ఇద్దరి మొహాలు చూసింది. చావాల్సింది తను కాదనిపించింది.

శ్రీనివాసప్పకు ఒక్క విషయంలో మాత్రం తెలివి లోటు లేదు. ఎదుటి మనిషి ఎక్కడ మెత్తగా ఉంటుందో ఇట్టే పట్టేస్తాడు. వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. గొంతు మారింది.

"కూర్చోమ్మా. నిలబడే ఉండావే ఇంతసేపు? పెద్దాయనా, మీరూ కూర్చోండి." సీసా మూత తీసి ఒక చాక్లెట్ భూమిక వైపు చాచాడు. చెంప వాచిన బిడ్డకు. పెద్దప్ప ఆ చేతిని చూసిన చూపుకు చాక్లెట్ మళ్లీ సీసాలోకి వెళ్లిపోయింది.

"మనలో మనకు గొడవ ఎందుకమ్మా?" అన్నాడు శ్రీనివాసప్ప. "ఈ తమిళనాడులో మనమంతా తెలుగువాళ్లం. నీ బిడ్డ సీటు ఈ పొద్దే ఖాయం చేస్తా. బుధవారం క్లాసుకు పంపించు. ఐదో క్లాసు దాకా ఎవరూ అడ్డం రారు, నా మాట. ఆ ప్లాస్టిక్ కాగితం ఈ బల్ల మింద పెట్టేసి పో. అంతే."

రేణు కూర్చోలేదు. కానీ వెంటనే కాదనలేదు కూడా.

ఎలా అంటుంది? యూనిఫాం కుట్టించి ఉంది. ఎర్ర టై కట్టుకోవడం భూమిక రోజూ అద్దం ముందు నేర్చుకుంటోంది. ఇంగ్లీషులో తన పేరు, ఊరి పేరు చెబుతుంది, చెప్పి చప్పట్లు కొట్టమంటుంది. లారీ మీద పోయిన భర్త వేలు ఎక్కడి నుంచి ఫోను చేసినా మొదటి మాట, సీటు సంగతి ఏమైంది అనే. రేణును ఎనిమిదో క్లాసులో మాన్పించి మేకల వెనక పంపారు. తన బిడ్డ ఇలాంటి గేటులోంచి లోపలికి నడవాలని ఆమె పడిన ఆశ చిన్నది కాదు. గేటు లోపల ఇలాంటివాళ్లు ఉంటారని తెలిసిన తరువాత కూడా ఆ ఆశ పూర్తిగా చావలేదు. నిజం చెప్పాలంటే ఆమె చెయ్యి బల్ల వైపు కాస్త కదిలింది.

కిటికీలోంచి ఫ్లెక్సు వెనకవైపు కనిపిస్తోంది. ఎండకు అక్షరాలు తిరగబడి కనబడుతున్నాయి. నూట నలభై రెండు.

"సార్," అంది రేణు, "మిగతా నూట నలభై ఒక్క బిడ్డలను పిలిపించి, నిజంగా నోరు తెరిచి చూపిస్తారా? అట్లయితే ఈ కాగితం ఇస్తాను."

శ్రీనివాసప్పకు ఆ ప్రశ్న అర్థమే కాలేదు. తన బిడ్డ సీటు చేతికొస్తుంటే ఊరివాళ్ల బిడ్డల పళ్లు అడిగే మనిషి ఆయన మండీలో గానీ బడిలో గానీ ఎప్పుడూ తగల్లేదు. "ఊరి సంగతి నీకెందుకమ్మా? నీ బిడ్డను నువ్వు చూసుకో."

"నా బిడ్డను నేను చూసుకోకుండా మీ కాగితం చూసినాను సార్. అందుకే ఇట్లయింది. ఆ తల్లులూ అదే కాగితం చూస్తా ఉంటారు."

"అయితే సీటు లేదు."

"లేదంటే లేదు." అన్న తరువాత రేణుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాగితాన్ని గుండెకు అదిమిపట్టుకుంది. "పద మామా, పోదాము."

"కొంచెం ఉండమ్మా," అన్నాడు పెద్దప్ప. మళ్లీ కిటికీ దగ్గరే ఉన్నాడు. "వచ్చింది."

గేటు దగ్గర స్కూటర్ ఆగింది. వీళ్లను అరగంట ఎండలో ఉంచిన వాచ్‌మన్ పరుగున వెళ్లి గేటు రెండు తలుపులూ బార్లా తెరిచి సలాం కొట్టాడు. రేణు అది చూసింది. డాక్టరమ్మకు ఇంత మర్యాద ఎందుకో ఆలోచించే తీరిక ఆమెకు లేదు. ధనశేఖర్ కూడా చూశాడు. లేవబోయి కుర్చీని వెనక్కి పడేశాడు.

డాక్టరమ్మకు ముప్పై దాటి ఉంటాయి. నలిగిన కాటన్ చీర, భుజానికి సంచి. తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది. బల్ల వెనక ఉన్న ఇద్దరి వైపూ చూడనైనా చూడలేదు. నేరుగా భూమిక దగ్గరికి వెళ్లి, నేల మీద మోకాళ్లు ఆన్చి, ఫోను లైటు వేసింది.

"ఏదీ, పెద్దగా ఆ అను. ఇంకా పెద్దగా. అట్ల."

ఆ గదిలో, ఆ బడిలో, ఆ రూలు పెట్టిన తరువాత మొట్టమొదటిసారిగా ఒక మనిషి ఒక బిడ్డ నోట్లోకి చూసింది. తొందరపడలేదు. పైన చూసింది, కింద చూసింది, పెదవుల కదలికను బట్టి ఒక్కొక్కటే లెక్కపెడుతోందని తెలుస్తోంది.

"పందొమ్మిది," అంది. పెద్దప్ప తల ఊపాడు.

"చీము తగ్గింది. మందులు సరిగ్గా ఏసినారు. ఈ వారంలో దవడపన్నుకు వైద్యం చేస్తాను, భయం లేదు. పక్కన ఇంకో రెండు పుచ్చులు ఉండాయి, చిన్నవి. ఏప్రిల్లోనే చూసుంటే అరగంట పని." లేచి రేణు వైపు తిరిగింది. "నువ్వేనా తల్లివి? నీ తప్పు కొంచెమే అమ్మా. బన్ను మాన్పించు. ఆ కాగితం ఒకసారి చూడొచ్చునా?"

రేణు ఇవ్వలేదు. ఈ పొద్దు ఆ కాగితం పడిన పాట్లు చూశాక ఎవరి చేతికీ ఇవ్వబుద్ధి కాలేదు. "నేను పట్టుకొని ఉంటాను మేడం, మీరు చదవండి," అని ఎత్తి చూపించింది.

డాక్టరమ్మ కోపం తెచ్చుకోలేదు. వంగి చదివింది. ఇరవై దగ్గర ఒక్క క్షణం ఆగింది. కిందికి వచ్చింది. సీలు చూసింది, సీలు మీది గజిబిజి సంతకం చూసింది.

"ఈ పేరు చదివినావా అమ్మా?"

"ఇంగ్లీషు సంతకం మేడం, అర్థం కాలే."

"డాక్టర్ నందిత అని ఉండాది. అది నా పేరు." గొంతు చాలా మెల్లగా ఉంది. "పేరు నాది, నంబరు నాది. సంతకం నాది కాదు. ఏప్రిల్ పన్నెండున నేను మత్తూరులో ఉండినాను. ఫిబ్రవరి నుంచి నేను ఆ క్లినిక్కు గడప తొక్కలే. చూడకుండా సంతకం పెట్టమంటే పెట్టనని చెప్పి వచ్చేసినాను."

"మరి ఈ డాక్టరు సారు..." అంటూ రేణు ధనశేఖర్ వైపు చూసింది.

"ఆయన డాక్టరు కాదు," అంది నందిత. "క్లినిక్కు తాళాలు ఆయన దగ్గర ఉంటాయి. కోటు కూడా నాదే."

నీలి మరక ఉన్న చెయ్యి బల్ల కిందికి పోయింది. పెద్దప్ప ఫక్కున నవ్వాడు. సంతలో దళారీ దొంగలెక్క బయటపడినప్పుడు నవ్వే నవ్వు అది. రేణుకు నవ్వు రాలేదు. నూట నలభై ఇద్దరి నోళ్లు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

నందిత చెయ్యి చాచింది. "ఇప్పుడు ఆ కాగితం నాకియ్యమ్మా. మిగతా తల్లుల కాగితాలు సరిచేస్తామని చెప్పి ఈళ్లు సాయంత్రానికే వెనక్కి తీసేసుకుంటారు. మిగిలేది ఇది ఒక్కటే అనుకో. ఇది నా దగ్గర ఉంటే, ఆ బిడ్డలందరినీ పిలిపించి నేనే చూస్తాను. డబ్బు మాట లేదు, బోర్డు మాట లేదు."

రేణు గుండె మీది బరువు దిగినట్టయింది. పొద్దున నుంచి ఈ గదిలో విన్న మొదటి మంచి మాట ఇది. బిడ్డ నోట్లోకి చూసిన మనిషి, లెక్క సరిగ్గా చెప్పిన మనిషి అడుగుతోంది. ఆమె కాకపోతే ఇంకెవరికి ఇవ్వాలి? కాగితాన్ని గుండె మీది నుంచి తీసి ముందుకు చాచింది. నందిత వేళ్లు ఒక అంచును పట్టుకున్నాయి.

సరిగ్గా అప్పుడు, ఇంతసేపూ నుదుటి చెమట తుడుచుకుంటున్న శ్రీనివాసప్ప, కుర్చీలో వెనక్కి వాలాడు. పొద్దున నుంచి మొదటిసారి నవ్వాడు. కట్టుడు పళ్లన్నీ కనిపించాయి.

"ఇచ్చేయమ్మా, ఇచ్చేయి," అన్నాడు. "పరాయి మనిషా ఏమన్నా? అది నా కూతురే."

రేణు వేళ్లు ప్లాస్టిక్ మీద బిగుసుకున్నాయి. నందిత అవతలి అంచు వదల్లేదు.